అక్షరాల పోస్టరా, మినిమల్ పోస్టరా? దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి

పోస్టర్ చేయించాలనో, కొని గోడకు పెట్టుకోవాలనో అనుకున్నవాళ్లు ముందు రంగు దగ్గర మొదలుపెడతారు, తర్వాత ఫాంట్ దగ్గర ఆగిపోతారు. ఆ రెండింటికన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: బరువంతా మాట మీద వేయాలా, బొమ్మ మీద వేయాలా? మాట మీద వేస్తే అది టైపోగ్రఫిక్ పోస్టర్. అక్షరాల ఆకారం, పరిమాణం, అమరికే అక్కడ బొమ్మ. బొమ్మ మీద వేస్తే అది మినిమల్ పోస్టర్. ఒకే రూపం, రెండు మూడు రంగులు, చుట్టూ బోలెడు ఖాళీ. రెండింటిలోనూ సరుకు తక్కువే కనిపిస్తుంది కాబట్టి ఒకే గాటన కట్టేస్తుంటారు. కానీ అవి పనిచేసే దూరం వేరు, చెడిపోయే తీరు వేరు, ప్రెస్సులో పెట్టే ఇబ్బంది కూడా వేరు.

ఈ ఎంపికను అభిరుచికి వదిలేయకూడదు. చేతిలో ఉన్న విషయమే దాన్ని తేలుస్తుంది. పక్కన ఏ వివరణా లేకుండా నిలబడగల మాట ఉంటే అక్షరాలవైపు వెళ్లాలి. పేరు చెప్పకుండానే గుర్తుపట్టగల వస్తువు ఉంటే బొమ్మవైపు వెళ్లాలి. రెండూ లేనప్పుడు డిజైన్ పని ఆపి, ముందు చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంగా రాసుకోవాలి. సగం పోస్టర్లు తేలిపోవడానికి కారణం ఆ వాక్యం లేకపోవడమే.

ఒకే మనిషి, రెండు దారులు

ఈ తేడాను బాగా చూపించినవాడు స్విట్జర్లాండ్ డిజైనర్ యోసెఫ్ ముల్లర్-బ్రోక్‌మన్. 1955లో జూరిక్‌లోని టోన్‌హాలె సంగీత సభకు బేతోవెన్ పోస్టర్ చేశాడు. అందులో స్వరకర్త ముఖం లేదు, వాయిద్యం లేదు. ఒకే కేంద్రం చుట్టూ తిరిగే నల్లటి వంపులు మాత్రం ఉన్నాయి. బయటికి వచ్చేకొద్దీ ఒక్కో వలయం మందం రెట్టింపు అవుతూ పోతుంది. కార్యక్రమం వివరాలు చిన్న అక్షరాల్లో ఒక మూల సర్దుకుంటాయి. సంగీతానికి చూపించడానికి వస్తువు లేదు, లయ ఉంది. ఆ లయనే ఆకారంగా మార్చాడు. అదే మనిషి 1960లో సినిమా గురించిన ఒక ప్రదర్శనకు పోస్టర్ చేసినప్పుడు బొమ్మ జోలికే పోలేదు. నల్లటి నేల మీద బూడిద రంగులో ఒక మాట, దాని మీదకు కొద్దిగా ఎక్కినట్టు తెల్లటి రంగులో ఇంకో మాట. ఒక దృశ్యం ఇంకో దృశ్యంలోకి కలిసిపోయే తీరు ఆ రెండు మాటల మధ్యే కనిపిస్తుంది. ఏ పోస్టర్‌కు ఏది కావాలో ఆ విషయాన్ని బట్టి తేల్చుకున్నాడు, తన అలవాటును బట్టి కాదు.

ఈ రెండింటికీ మధ్యన మూడో దారి ఒకటుంది, అది వీటికన్నా పాతది. 1900ల తొలి దశకంలో బెర్లిన్‌లో లూసియన్ బెర్న్‌హార్ట్ ప్రీస్టర్ అగ్గిపుల్లలకు చేసిన ప్రకటనలో రెండు అగ్గిపుల్లలు, కంపెనీ పేరు, అంతే. ఒక వస్తువు, ఒక మాట. వ్యాపార ప్రకటనకు ఇప్పటికీ ఇంతకన్నా గట్టి పద్ధతి లేదనే చెప్పాలి. ఈ దారిలో వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. మాట, బొమ్మ సమాన పరిమాణంలో ఉంటే కన్ను ఎక్కడ దిగాలో తెలియక అటూ ఇటూ తిరుగుతుంది. ఒకదానికి రెండోదానికన్నా కనీసం రెండు మూడు రెట్ల చోటివ్వండి.

ఎంత దూరం నుంచి చూస్తారు?

ఫాంట్ వెతికే ముందు టేపు తీసి దూరం కొలవండి. హాయిగా చదవాలంటే ప్రతి 3 మీటర్ల దూరానికి అక్షరం ఎత్తు సుమారు 25 మి.మీ. ఉండాలన్నది బోర్డుల పనిలో వాడే లెక్క. తెలుగులో ఈ 25 మి.మీ. మూలాక్షరానికే పట్టించాలి. పైన గుడినీ కింద వత్తునూ కలిపి కొలిస్తే మోసపోతారు. ఫాంట్ సైజు అంకెను కూడా నమ్మడానికి లేదు. 100 పాయింట్లంటే 35 మి.మీ. పైచిలుకే, కానీ అది ఫాంట్ గడి కొలత. ఆ గడిలో ‘క’ ఎంత చోటు తీసుకుంటుందన్నది ఒక్కో ఫాంట్‌లో ఒక్కోలా ఉంటుంది. కాగితం మీద ప్రింట్ తీసి స్కేలు పెట్టి కొలవడమే నికరం.

ఏ2 కాగితం తీసుకుందాం. వెడల్పు 420, ఎత్తు 594 మి.మీ. అటూ ఇటూ 35 మి.మీ. చొప్పున మార్జిన్ వదిలితే 350 మిగులుతుంది. ఆరు అక్షరాల మాటను ఆ వెడల్పంతా పరిస్తే ఒక్కో అక్షరానికి 58 మి.మీ. వస్తుంది. మధ్య సందులు పోను అక్షరం దాదాపు 50 మి.మీ. ఎత్తు తేలుతుంది, 6 మీటర్ల నుంచి చదవొచ్చు. అదే వెడల్పులో ఇరవై అక్షరాల వాక్యం పెడితే ఎత్తు 15 మి.మీ.కి పడిపోతుంది, చదవగల దూరం 2 మీటర్లలోపే. అంటే హాల్లో అటు చివర నుంచి కనిపించాల్సిన అక్షరాల పోస్టర్‌కు ఒకటి రెండు మాటలకు మించి చోటు లేదు. వాక్యాన్ని నాలుగు వరుసలుగా విడగొట్టడానికి ఒప్పుకుంటేనే పరిమాణం పెరుగుతుంది.

బొమ్మకు ఈ ఇబ్బంది తక్కువ. ఆకారం అంచు స్పష్టంగా ఉండి, నేల రంగుకూ దానికీ వెలుతురులో తేడా బాగా ఉంటే, అక్షరాలు చెదిరిపోయే దూరం నుంచి కూడా గుర్తుపడతాం. రోడ్డు పక్కన, వరండాలో, జనం నడుస్తూ పోయే చోట మినిమల్ బొమ్మది పైచేయి. భాష రానివాళ్లు కూడా చూసే చోట మరీను. తేదీ, చోటు, సమయం లాంటివి చెప్పాల్సి ఉంటే మాత్రం బొమ్మ ఏమీ చేయలేదు. అది అక్షరాల పనే.

ఫోన్ తెర మీద లెక్క ఇంకా కఠినం. ఏ2 పోస్టర్ ఫోన్‌లో 6.5 సెం.మీ. వెడల్పుకు కుదించుకుపోతుంది, అంటే ఆరున్నరో వంతు. 50 మి.మీ. అక్షరం దాదాపు 8 మి.మీ. అయి బతుకుతుంది. కింద 6 మి.మీ.లో పెట్టిన తేదీ ఒక్క మి.మీ. కూడా మిగలదు. పైగా పంచుకునే చిత్రాలు సాధారణంగా 4:5 కొలతలో ఉంటాయి, ఏ2, ఏ4 లాంటి కాగితాలన్నీ 1:1.41. కత్తిరించి సరిపెడితే ఖాళీ చోటే ముందు తెగిపోతుంది, మినిమల్ పోస్టర్‌కు ప్రాణం ఆ ఖాళీయే. తెర కోసం విడిగా అమర్చుకోవడం తప్పదు.

తెలుగు అక్షరాలతో పోస్టర్ చేసేటప్పుడు

ఇంగ్లిష్ టైపోగ్రఫిక్ పోస్టర్ల అందంలో పెద్ద వాటా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలది. వాటి తలా పాదమూ చదునుగా ఉంటాయి, ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. తెలుగులో ఆ సౌకర్యం లేదు. గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. ఆ నమూనాలు చూసి వరుసల మధ్య దూరం బిగిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని తన్నుతుంది. మామూలు వాక్యాలకు అక్షరం సైజుకు 1.5 నుంచి 1.7 రెట్లు వరుస దూరం ఉంచండి. శీర్షికలో బిగించాలనుకుంటే అంకె కన్నా మాటల వరుస ముఖ్యం.

‘నిశ్శబ్దం పలుకుతుంది’ అని రెండు వరుసల్లో పెట్టాలనుకోండి. పై వరుసలో శ వత్తు, ద వత్తు కిందికి దిగుతాయి. ఆ చోటు కోసం కింది మాటను బాగా దించాలి, మధ్యలో బొరియలాంటి ఖాళీ ఏర్పడుతుంది. ‘పలుకుతుంది నిశ్శబ్దం’ అని తిప్పి చూడండి. ఇప్పుడు పై వరుసలో కిందికి దిగే వత్తు ఒక్కటీ లేదు. కింది వరుసను దాదాపు ఆనించేయొచ్చు, వత్తులన్నీ అడుగున ఉన్న ఖాళీలోకి హాయిగా దిగుతాయి. ఈ మార్పు ఏ సాఫ్ట్‌వేర్ సెట్టింగూ చేయదు. రాసినవాళ్లు, అమర్చినవాళ్లు కలిసి కూర్చుని చేయాల్సిన పని ఇది. అక్షరాల పోస్టర్‌లో అసలు ఆనందం ఇక్కడే ఉంది.

అక్షరాల మధ్య ఎడం పెంచే అలవాటు కూడా అరువు తెచ్చుకున్నదే. గుండ్రటి తెలుగు అక్షరాలకు తమ చుట్టూ ఖాళీ ముందే ఉంటుంది, ఇంకా పెంచితే మాట విడిపోయి ఒంటరి అక్షరాలు మిగులుతాయి. ఎడం మార్చకుండా వదిలేయండి, లేదా శీర్షికలో ఒక పిసరు తగ్గించండి. లావు అక్షరాలు వాడేటప్పుడు ‘ఘర్షణ’, ‘క్షణం’ లాంటి మాటలతో పరీక్షించండి. లోపలి సందులు మూసుకుపోయేది ముందు వీటిలోనే. ద-ధ, డ-ఢ, చ-ఛ జంటల్లో తేడా అడుగున ఉండే చిన్న గీత ఒక్కటే. మరీ సన్నటి ఫాంట్‌లో దూరం నుంచి ఆ గీత కనిపించదు, మరీ లావైన ఫాంట్‌లో అక్షరంలో కలిసిపోతుంది. మధ్యస్థం కన్నా ఒక మెట్టు లావు, తెలుగు పోస్టర్‌కు ఎక్కువసార్లు అదే సరైన చోటు.

ఉచితంగా దొరికే ఫాంట్లలో అనేక్ తెలుగు మొదట ప్రయత్నించదగ్గది. సన్నం నుంచి బాగా లావు వరకే కాక ఇరుకు నుంచి వెడల్పు వరకూ మార్చుకోవచ్చు కాబట్టి, పొడుగు మాటనూ పొట్టి మాటనూ ఒకే వెడల్పులో పట్టించడం తేలిక. రామభద్ర బలమైన శీర్షికల ఫాంట్, కానీ ఒకే మందంలో ఉంటుంది. కింది వివరాలకు మండలిగానీ నోటో సాన్స్ తెలుగుగానీ జత చేయాలి. బాలూ తమ్ముడు ముద్దుగా, గుండ్రంగా ఉంటుంది, పిల్లల కార్యక్రమానికి అతుకుతుంది, సంతాప సభకు అతకదు. ఒక పోస్టర్‌లో రెండు ఫాంట్లు దాటకండి. ఒకే ఫాంట్‌లో రెండు మందాలు ఇంకా మంచిది.

వత్తులు విడిపోయి పొల్లు అక్షరాలుగా కనిపిస్తుంటే తప్పు ఫాంట్‌ది కాకపోవచ్చు. ఫొటోషాప్‌లోనైతే టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ కనిపిస్తే అదే ఎంచుకోవాలి. పాత వెర్షన్లలో అది మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనే పేరుతో ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ పెట్టాలి. ఇంక్‌స్కేప్‌లో మామూలుగానే సరిగ్గా కలుస్తాయి. అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు అడ్డదిడ్డంగా మారిపోతాయి. ఏ పద్ధతిలో చేసినా ప్రెస్సుకు పంపే పీడీఎఫ్‌లో అక్షరాలను అవుట్‌లైన్‌గా (ఫాంట్ అవసరం లేని గీతల ఆకారాలుగా) మార్చండి, దిద్దుకోవడానికి వీలైన ప్రతిని విడిగా దాచుకోండి. మార్చాక ఒకసారి తెరిచి ప్రతి వత్తూ చూసుకోవాలి. ఒకసారి అవుట్‌లైన్ అయ్యాక తప్పు దిద్దడం కుదరదు.

మినిమల్ బొమ్మ ఎక్కడ చెడుతుంది

బొమ్మ తక్కువున్న చోట ప్రతి పొరపాటూ పెద్దగా కనిపిస్తుంది. మొదటి పరీక్ష గుర్తుపట్టడం. విషయం తెలియని మనిషికి మూడు సెకన్లు చూపించి ఏం కనిపించిందో అడగండి. ‘ఏదో గుండ్రంగా ఉంది’ అంటే ఆకారం ఇంకా కుదరలేదు. కింద శీర్షిక రాసి నిలబెట్టాలనిపిస్తే అది బొమ్మ పోస్టర్ కాదు, బలహీనమైన అక్షరాల పోస్టర్.

రెండోది ఆకారం ఉండే చోటు. కాగితానికి సరిగ్గా నడిమధ్య పెట్టిన రూపం కిందికి జారినట్టు అనిపిస్తుంది. ఏ2 మీద 15 నుంచి 20 మి.మీ. పైకి జరపండి, అప్పుడు మధ్యలో ఉన్నట్టుంటుంది. వృత్తమూ చతురస్రమూ పక్కపక్కన ఉంటే వృత్తాన్ని కాస్త పెంచితేనే రెండూ సమానంగా కనిపిస్తాయి. పరిమాణం విషయంలో తడబాటు కనిపించకూడదు. కాగితంలో నాలుగో వంతో మూడో వంతో ఆక్రమించే రూపం నిబ్బరంగా ఉంటుంది. మరీ చిన్నది పెట్టాలనుకుంటే నిజంగానే చిన్నదిగా, అంచుకో మూలకో చేర్చి పెట్టండి. మరీ చిన్నదీ కాని, నిండైనదీ కాని బొమ్మ మధ్యలో తేలితే, ఖాళీ కావాలని వదిలినట్టుండదు, పని సగంలో ఆపినట్టుంటుంది.

రంగుల్లో వెలుతురు తేడా చూడటానికి పోస్టర్‌ను నలుపు-తెలుపులోకి మార్చి చూస్తే చాలు. ఎరుపు, ఆకుపచ్చ రంగులో బాగా విడిపోయినట్టుండి నలుపు-తెలుపులో ఒకే బూడిదగా మారుతుంటాయి. వెబ్ ప్రమాణాల్లో చిన్న అక్షరాలకు 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కాంట్రాస్ట్ (వెలుతురు తేడా) కనీసం ఉండాలంటారు. కాగితానికీ ఆ లెక్క పనికొస్తుంది.

ప్రెస్సు దగ్గర తేలే తేడాలు

అక్షరాల పోస్టర్‌కు ప్రింటు సమస్యలు తక్కువ. వచ్చేవి సన్నటి గీతల దగ్గరే వస్తాయి. ముదురు నేల మీద తెల్ల అక్షరాలు సిరా పాకి పూడుకుపోతాయి, కాబట్టి అలాంటి చోట తెలుగును 11 లేదా 12 పాయింట్లకు తగ్గించకుండా, మధ్యస్థం కన్నా సన్నం కాకుండా ఉంచండి. చిన్న నల్ల అక్షరాలను నలుపు సిరా ఒక్కదానితోనే వేయించాలి. నాలుగు సిరాలూ కలిస్తే, వాటిలో ఏది కాస్త జరిగినా అక్షరం అంచున రంగు నీడ వస్తుంది.

మినిమల్ పోస్టర్‌లో కష్టం అంతా విశాలమైన ఒకే రంగు నేలది. అంత పెద్ద మైదానంలో చిన్న గీత, వేలిముద్ర, ప్రింటర్ వదిలిన పట్టీ ఏదీ దాగదు. నల్లటి నేలను 100 శాతం నలుపు ఒక్కదానితో వేస్తే ముదురు బూడిదలా వస్తుంది. సయాన్ 60, మజెంటా 40, పసుపు 40, నలుపు 100 కలిపితే మొత్తం 240 శాతం అవుతుంది, నిండుగా వస్తుంది. ప్రెస్సువాళ్ల పరిమితి అంతకన్నా తక్కువైతే వాళ్ల అంకెనే పాటించండి. నీలం వేయించినప్పుడు ఊదాలోకి జారకుండా ఉండాలంటే మజెంటాను సయాన్ కన్నా కనీసం 30 శాతం పాయింట్లు తక్కువ ఉంచాలి. తెర మీద మెరిసే నారింజ, చిలకపచ్చ రంగులు సీఎంవైకేలో (ఈ నాలుగు సిరాల ప్రింటులో) అలాగే రావు. పోస్టర్ మొత్తం అలాంటి ఒక్క రంగు మీద ఆధారపడితే చిన్న ముక్క ప్రింట్ తీయించి చూడకుండా పూర్తి ఆర్డర్ ఇవ్వకండి.

చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోత గీత దాటి బయటికి పొడిగించే రంగు) రెండింటికీ కావాలి. అంచుకు దగ్గరగా సన్నటి బార్డర్ గీయడం మాత్రం మానుకోండి. కోతలో ఒక్క మి.మీ. తేడా రావడం మామూలు. అంచుకు 5 మి.మీ. లోపల గీత ఉంటే ఒకవైపు 4, రెండోవైపు 6 అయి వంకర బయటపడుతుంది. 15 మి.మీ. లోపలుంటే ఎవరికీ తెలియదు.

వెక్టర్‌లో (ఎంత పెంచినా చెదరని గీతల రూపంలో) చేసినంతవరకూ రిజల్యూషన్ బెంగ లేదు. గరుకు కాగితంలాంటి టెక్స్చర్ పెడితే ఏ2కు 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) చొప్పున 4961 × 7016 పిక్సెళ్లు కావాలి. ఫ్రేమ్‌లో పెట్టేదానికి 170 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితం చాలు, ఫ్రేమ్ లేకుండా అతికించేదానికి 250. ముదురు నేల ఉన్న పోస్టర్‌ను గ్లాసీ కాగితం మీద వేయించకండి, దీపాలూ కిటికీలూ అందులో ప్రతిబింబిస్తాయి. కోటింగ్ లేని కాగితం సిరాను పీల్చుకుని రంగును మందగింపజేస్తుంది. సన్నటి వత్తులు కూడా అందులో కాస్త ఉబ్బుతాయి. కోటింగ్ ఉన్న మ్యాట్ కాగితం రెండు రకాలకూ సరిపోతుంది.

ఇంట్లో గోడకైతే

కార్యక్రమ ప్రకటన నాలుగు రోజుల్లో తీసేస్తారు, ఇంటి గోడ మీది పోస్టర్‌ను ఏళ్ల తరబడి చూస్తారు. ఇక్కడ అక్షరాలకు ఒక లోటుంది. చదవడం వచ్చిన మనిషి కంటపడ్డ మాటను చదవకుండా ఉండలేడు. రంగుల పేర్లను వేరే రంగుల్లో రాసి జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో చేసిన ప్రయోగాలు ఈ సంగతినే చూపించాయి. కాబట్టి గోడ మీది వాక్యం ప్రతిసారీ మీతో మాట్లాడుతూనే ఉంటుంది. పడకగదిలో, ఎక్కువసేపు పనిచేసే బల్ల ఎదురుగా అది అలసటే. అక్కడ మినిమల్ బొమ్మ మేలు, చూడాలనుకుంటే కనిపిస్తుంది, లేదంటే గోడలో కలిసిపోతుంది. నడవ, వంటగది, మెట్ల పక్క గోడలాంటి దాటిపోయే చోట్లలో అక్షరాలు బాగుంటాయి.

ఉపదేశంలా ఉండే వాక్యం త్వరగా పాతబడుతుంది. బ్రిటన్ ప్రభుత్వం 1939లో ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’ (ప్రశాంతంగా ఉండి, పని సాగించండి) అంటూ దాదాపు 25 లక్షల ప్రతులు అచ్చువేసి, బయట పెద్దగా అతికించకుండానే వదిలేసిన ఎర్ర పోస్టర్ సంగతే చూడండి. 2000లో ఒక పాత పుస్తకాల షాపులో దాని ప్రతి బయటపడ్డాక లోకమంతా చుట్టింది. ఐదే మాటలు, ఒక కిరీటం, రెండు రంగులు. పనితనంలో లోపం లేదు. కానీ కప్పుల మీదా సంచుల మీదా లెక్కలేనన్ని అనుకరణలు వచ్చాక ఆ మాటకు పదును పోయింది. ఇంటికి వాక్యం కావాలంటే ఎక్కడా అమ్మని మాట తీసుకోండి. ఇంట్లో వాళ్లు వాడే ఒక నానుడి, ఊతపదం, లేదా ఒక్క అక్షరం. ‘ఱ’ ఒక్కటే ఏ2 నిండా వేసినా చూడముచ్చటగా ఉంటుంది, చదవడానికి ఏమీ లేదు కాబట్టి విసుగూ రాదు. రెండు రకాల లాభమూ అందులో దొరుకుతుంది.

కొనేముందు ఫ్రేమ్ అంచు ప్రతివైపూ 5 మి.మీ. దాకా కప్పేస్తుందని గుర్తుంచుకోండి. అంచుదాకా పరిచిన అక్షరాల పోస్టర్‌లో అది వత్తు చివరను తినేస్తుంది. పోస్టర్ మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెం.మీ. ఎత్తులో ఉండాలి. సోఫా పైనైతే దాని వీపుకు 15 నుంచి 20 సెం.మీ. పైన, సోఫా వెడల్పులో మూడింట రెండొంతులు నిండేలా అమర్చండి. ఒక్క ఏ2 అంత నిండదు, కాబట్టి ఒకే గ్రిడ్‌లో (ఒకే అమరిక గీతల మీద) చేసిన రెండు మూడు కలిపి పెట్టాలి. జతగా పెట్టేవాటిలో ఒకటి అక్షరాలది, ఒకటి బొమ్మది అయితే రంగులు రెండింటికీ ఒకటే ఉంచండి.

తేల్చుకోలేకపోతే రెండూ పూర్తి కొలతలో ప్రింట్ తీయండి. మామూలు నలుపు-తెలుపు ప్రింటర్ చాలు, ఒక్కోదానికి నాలుగు ఏ4 కాగితాలు అతికిస్తే ఏ2 అవుతుంది. ఉండాల్సిన గోడకే, ఉండాల్సిన ఎత్తులోనే పెట్టి, పగటి వెలుతురులోనూ రాత్రి దీపం కిందా చూసి, జనం నిలబడే చోటు నుంచి చిన్న వరుసను చదవమని ఇంకొకరిని అడగండి.